మగ్గం గుంతలో మాటలు

మా పెదనాయన గంగాధర ప్రతి నెలా రెండో శనివారం ధర్మవరంలో మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కి హిందూపురం పోతాడు. ఆ ఒక్క రోజు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. తక్కిన రోజులన్నీ లుంగీ, బనియనే. చేతిలో పలుచటి నల్ల పెట్టె ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. అందులో ఏముందని పెద్దమ్మ పదకొండేళ్లలో ఒక్కసారే అడిగింది. "తెల్లగుడ్డ, ఒక జత గ్లౌజులు" అన్నాడు. అది నిజమే. నిజం అక్కడితో ఆపేశాడని మాత్రం పెద్దమ్మకు తెలిసిపోయింది.

పెదనాయన ఫ్రీమేసన్, ఆ పేరున్న రహస్య సంఘంలో సభ్యుడు. మా వీధిలో ఆ మాట ఎవరికీ నోరు తిరగదు. హిందూపురంలో వాళ్లు కలుసుకునే చోటు ఒక పాత రాతి బంగళా. వీధి వైపు కిటికీ అద్దాలకు లోపలి నుంచి సున్నం పూసి ఉంటుంది. చుట్టుపక్కల వాళ్లు దాన్ని తలకాయల బంగళా అంటారు. అందులో చేరేవాడు ఇంట్లో ఒక తలకాయను రాసిస్తాడట. ఎదురింటి లక్ష్మీదేవి ఈ కథ పట్టుకుని పెద్దమ్మను ఏడిపిస్తూ ఉంటుంది.

"ఏం యశోదమ్మా, నీ తలకాయ ఇంకా ఉండాదే. ఈ నెల కూడా తప్పించుకుంటివా?"

"నాది గట్టిదిలేమ్మా. వాళ్ల కత్తికి తెగదు" అని పెద్దమ్మ నవ్వేది. ఈ సంవత్సరం నవ్వడం మానేసింది.

పెదనాయనకు రెండు గుంతమగ్గాలు. నేసేది పెళ్లిచీరలే. చదువు పదో తరగతితో ఆగింది కానీ, జరీ కట్టలకు చుట్టి వచ్చే ఇంగ్లీషు పేపర్లను కూడబలుక్కుని చదివేవాడు. పన్నెండేళ్ల కిందట హిందూపురం నుంచి నారాయణప్ప అనే రిటైరైన రైల్వే గార్డు కూతురి పెళ్లిచీర కోసం వచ్చి, మగ్గం పక్కన కూర్చుని మూడు గంటలు మాట్లాడిపోయాడు. తర్వాత చీర అవసరం లేకుండానే వచ్చేవాడు. ఏడాది తిరిగాక ఇంకొకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. చేరదలచినవాడి ఇంటికి వెళ్లి, భార్యకు ఇష్టమో కాదో కనుక్కోవడం వాళ్ల పద్ధతి.

పెద్దమ్మ కాఫీ ఇచ్చి వాళ్లనే పరీక్ష చేసింది.

"తాగుడు ఉంటాదా?"

"భోజనాలప్పుడు తాగేవాళ్లు తాగుతారమ్మా. బలవంతమేం లేదు."

"దేవున్ని మార్చుకోవల్లనా?"

"ఎవురి దేవుడు వాళ్లకే. దేవుడు లేడనేవాన్నే చేర్చుకోరు. గీత, ఖురాన్, బైబిల్ ఒకే బల్ల మీద పెడతారు."

"ఆడోళ్లు వస్తారా?"

"రారమ్మా."

"అయితే పోనీ" అంది పెద్దమ్మ. ఇంటికొచ్చి నాకు చెప్తాడా అని మాత్రం అడగలేదు. అడగాలని తోచనే లేదు. అప్పటిదాకా పెదనాయన సంతకు పోయినా, సావుకు పోయినా, వచ్చి కాళ్లు కడుక్కునేలోగా అంతా చెప్పేసేవాడు. ఆ మొదటి శనివారం వచ్చి అన్నం తిని, "ఏం జరిగిందయ్యా ఆడ?" అంటే, "చెప్పకూడదే" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట వినిపించడం అదే మొదలు.

ఈ సంవత్సరం వాళ్ల కూతురు ధరణి అక్కకు పెళ్లి కుదిరింది. ముహూర్తపు చీర పెదనాయన మగ్గం మీదే ఉంది. సరిగ్గా అప్పుడే లాడ్జిలో, అంటే ఆ బంగళాలో కూడే వాళ్ల సంఘంలో, ఆయనకు ఒక పెద్ద పాఠం అప్పగించారు. వాళ్ల మూడో మెట్టు క్రతువులో పుస్తకం చూడకుండా చెప్పాలి. పెదనాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆడిస్తూ, రోజంతా అదే వల్లించేవాడు. ఇంగ్లీషు. గొంతు పైకి రాదు. గోడ అవతల ఉన్నవాళ్లకు, భూమిలోంచి ఎవరో మాట్లాడుతున్నట్లు ఉండేది.

నేను ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తి చేసి ఇంటి దగ్గరే ఉన్నాను. మూడిళ్లు దాటితే వాళ్లిల్లు. పెద్దమ్మ పిలిపించింది.

"ఆయప్ప ఏం అంటాండాడో విని చెప్పు. నా బిడ్డ చీరలోకి పోతాండాయి ఆ మాటలు. నాకు తెలీకుండా పోకూడదు."

"ఫోన్లో వెతికితే దొరుకుతుందేమో పెద్దమ్మా."

"ఫోను కట్టిందా నాకు తాళి?"

మిట్టమధ్యాహ్నం, వీధిలో మగ్గాలన్నీ భోజనాలకు ఆగినప్పుడు, తలుపు పక్కన నిలబడ్డాను. రాళ్లు, మట్టపుబద్ద, గుండుదారం గురించి కాసేపు. తర్వాత ఒక పనివాడి కథ. రహస్యం చెప్పమని ముగ్గురు అడ్డగిస్తే, చెప్పకుండా చచ్చిపోయినవాడు. అతన్ని పూడ్చిన చోటు. మట్టి తీసి అతన్ని పైకి లేపడం. పెదనాయన ఒక మాట అని ఆగుతున్నాడు, ఎదుటివాడి జవాబు కోసం అన్నట్లు. జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, మళ్లీ అందుకుంటున్నాడు. ఆగినప్పుడల్లా గుంతలోకే చూస్తున్నాడు.

పెద్దమ్మకు రాళ్ల సంగతి, మట్టపుబద్ద సంగతి చెప్పాను. చచ్చినవాడి సంగతి చెప్పలేదు.

ఆమె నన్ను నమ్మలేదు. "ఈ శనివారం నువ్వు కూడా పో" అంది. పెదనాయన కాదనలేదు. "రానీ. బయట కూర్చోవల్ల, అంతే."

రైలు పెనుకొండలో ఆగినప్పుడు కిటికీలోంచి కొండ మీది కోటగోడ చూపించాడు. "అన్ని రాళ్లు చెక్కినారు గదమ్మా, ఒక్కడి పేరన్నా ఎవురికైనా తెలుసునా?" అన్నాడు. 

బంగళా వరండాలో నారాయణప్ప కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల క్రతువు జరిగేటప్పుడు బయటివాళ్లు రాకుండా తలుపు దగ్గర కావలి ఉండడం ఆయన వంతు. పెదనాయన లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. సాయంత్రపు ఎండ ఇంకా వరండాలోనే ఉంది.

"భయపడొద్దమ్మా, దీనికి పదునుండదు" అన్నాడు నారాయణప్ప. "ముప్పై ఏండ్లు రైలు తోకలో నిలబడి జెండా ఊపినా. ఈడా వాకిలి బయటే. లోపలి ఉద్యోగం నా మొగాన రాసిలేదు."

"లోపల ఏం చేస్తారు?" అని అడిగాను.

"మంచోడు ఇంకొంచెం మంచోడు కావల్లని, తాపీ పనోళ్ల పనిముట్లు పెట్టుకుని నాటకం మాదిరి ఆడతారు. బీదోళ్లకు ఇంత సాయం చేస్తారు. కులం, పార్టీ మాటలు లోపల ఎత్తకూడదు. ఇంతవరకు ఎవురికైనా చెప్పొచ్చు."

"మిగతాది?"

"మిగతాది కూడా ఈ కాలంలో యాడైనా దొరుకుతాదంట. దొరికితే దొరకనీ. నేను మాటిచ్చినా, నేను చెప్పను. మా ఇంటామె చచ్చేదాకా అడిగింది. చెప్పలా."

లోపల పెదనాయన గొంతు వినిపించింది. ఇంట్లో విన్న మాటలే. ఒకచోట ఆగింది. నిండు బస్తాను మెత్తగా నేలకు దించినట్లు ఒక చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. నారాయణప్ప తల తిప్పలేదు. చాలాసేపటికి లోపలి నుంచి తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. ఆయన కత్తిపిడితో మూడు దెబ్బలు జవాబిచ్చాడు.

తిరుగు రైల్లో పెదనాయన హాయిగా నిద్రపోయాడు.

మరుసటి రోజు పెద్దమ్మ నన్ను మగ్గం దగ్గరకు లాక్కుపోయింది. పెదనాయన బజారుకు పోయి ఉన్నాడు. నేసినంతవరకు చీరను చేత్తో ఎత్తి, కిటికీ వెలుతురుకు అడ్డం పట్టింది.

"చూడు."

ముందు నాకేమీ కనబడలేదు. తర్వాత కనబడింది. బెత్తెడుకొకటి చొప్పున, సన్నగా, అడ్డంగా ఒక పలుచటి గీత. అక్కడ పన్నెతో కొట్టి బిగించాల్సిన పేక వదులుగా ఉంది. పెదనాయన చేతిలో అలాంటి తప్పు నలభై ఏళ్లలో రాలేదు.

"ఆ పాఠంలో ఒక మాట దగ్గర ఆయప్ప చెయ్యి మెత్తబడతాది. పన్నె గట్టిగా కొట్టలేడు. ప్రతిసారీ అదే మాట. నువ్వు దాచింది అదే గదా?"

అప్పుడు చెప్పాను. చచ్చినవాణ్ని మట్టిలోంచి లేపే చోటు అయి ఉంటుందని చెప్పాను. పెద్దమ్మ చీరను వదిలేసి, చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

మా ఇళ్లలో మగ్గాన్ని ఖాళీ చేయరు. పడుగు అయిపోవస్తే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ ముడేస్తారు. పాత పోగు కొత్తదాన్ని లాక్కుంటూ పోతుంది. ఆ మగ్గం మీది పోగు, మా తాత కాలం నుంచి అలా తెగకుండా వస్తున్నదే. పెదనాయన బజారు నుంచి వచ్చేసరికి పెద్దమ్మ కత్తెర పట్టుకుని మగ్గం పక్కన కూర్చుని ఉంది. ధరణి అక్క, నేను తలుపు దగ్గర ఉన్నాం.

"చెప్తావా, కోయనా?"

పెదనాయన చీరను చూశాడు, ఆమెను చూశాడు. "మాటిచ్చినా యశోదా."

"నాకూ ఇచ్చినావు, అగ్ని ముందర."

"నీకిచ్చిన మాట తప్పలేదు."

"బిడ్డకు కట్టేది నేను. శవం మాటలు నేసిన గుడ్డ కట్టను. చెప్పు."

"అమ్మా, ధర్మవరంలో చీరలే లేవా, అంగట్లో తెచ్చుకుంటాంలే" అంది ధరణి అక్క. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

పెదనాయన కత్తెర తీసుకున్నాడు. ఆమె చేతి నుంచి లాక్కోలేదు, అడిగి తీసుకున్నాడు. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి పడుగంతా కోసేశాడు. తెగిన పోగులు ఒక్కసారిగా వెనక్కి ముడుచుకుని, వెదురు బద్దల మీద పడి కదలడం ఆగాయి. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన చెప్పేస్తాడనే ఆమె కత్తెర పట్టుకుంది. కోస్తాడని అనుకోలేదు.

కొత్త పడుగు వచ్చాక ఆ వేల పోగులనూ మళ్లీ పన్నె పళ్ల సందుల్లోకి ఎక్కించాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పోగు అందించాలి, రెండోవారు కొక్కెంతో లాగాలి. "ఈ చీర నేనే నేస్తా" అంది పెద్దమ్మ. ఆమె గుంతలోకి దిగింది. పెదనాయన అవతల కూర్చుని అందించాడు. నాలుగు రోజులు, పోగుల తెర అటూ ఇటూ. పెదనాయన పెదవి కదపలేదు. ఆమె ముందర ఇంక ఆ పాఠం అననని ఒప్పుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను పక్కన నాడెలోకి నూలు కండెలు చుడుతున్నాను. మళ్లీ ఆ మాటలు వినిపించాయి. ముందు పెదనాయనే అనుకున్నాను. ఆయన చేతిలో పోగు పట్టుకుని అలాగే ఆగిపోయి ఉన్నాడు. మాటలు పెద్దమ్మ నోట్లోంచి వస్తున్నాయి. ఇంగ్లీషులో సంతకం కూడా రాని పెద్దమ్మ, ఒక్క మాట తప్పు లేకుండా, ఆయన ఆగేచోట ఆగి, జవాబుకు పట్టేంతసేపు గుంతలోకి చూసి, మళ్లీ అందుకుంటోంది. కొక్కెం తన పని తాను చేసుకుంటోంది.

"ఎవురు నేర్పినారు నీకు?" అన్నాడు పెదనాయన.

"ఏంది?"

"ఇప్పుడు అంటాండావే, అది."

"నేనేం అనలేదే" అని నా వైపు చూసింది. అన్నావన్నట్లు నేను తల ఊపాను. ఆమె వేళ్లతో తన పెదవులు తడిమి చూసుకుంది. ఎవరివో అన్నట్లు తడుముకుంది.

కొక్కెం పక్కన పెట్టింది. తర్వాత నిదానంగా అంది, "నాకు తెలీకుండానే నా నోట్లో చేరినాయి. నేను నేస్తే అవే చీరలోకి పోతాయి, అవి ఏందో నాకూ తెలీదు, బిడ్డకూ తెలీదు. నీకు తెలుసు. రహస్యం నాకేం వద్దు. ఒక్కటి చెప్పు. చెడ్డదా అది?"

ఇది చెప్పవచ్చునో లేదో పెదనాయన ఆలోచించాడు. అంతసేపూ ఆమె ఆయన ముఖాన్నే చూసింది.

"చెడ్డదైతే ధరణి చీర మీద అంటానా?"

"అయితే నువ్వే నేయి" అని చెయ్యి చాపింది. ఆయన ఆమెను పైకి లేపి, తాను దిగాడు.

పది రోజుల్లో చీర సగమైంది. పెదనాయన నోరు మూసుకునే నేశాడు. ఒక మధ్యాహ్నం నేను కండెలు ఇవ్వడానికి పోయాను. పెద్దమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. నాడె అటు పోయి ఇటు వచ్చే లెక్కకు సరిగ్గా, ఆమె గొంతులో ఆ పాఠం వినబడుతోంది. పెదనాయన నన్ను చూసి, కండెలు కింద పెట్టమని కళ్లతో చెప్పాడు. ఆమెను ఆపలేదు. నాడె కూడా ఆపలేదు.