వేలిముద్ర పడని బ్యాచ్

ఆ వేసవిలో నాకు ఉద్యోగం లేదు. కాబట్టి ఉద్యోగం ఎలా సంపాదించాలో నేర్పే ఉద్యోగం ఇచ్చారు. ఎం.ఏ. చదివినవాడికి ఇంతకంటే తగిన పని ఏముంటుందని ఇంట్లోవాళ్లు సంతోషించారు. రెండు నెలల సంతోషం.

పేదింటి పిల్లల కోసం నగరం తరఫున నడిచే వేసవి శిక్షణ అది. పురానాపూల్ దగ్గర ఒక కమ్యూనిటీ హాలు, పై అంతస్తు. పొద్దున కంప్యూటర్, మధ్యాహ్నం నేను. నా సబ్జెక్టు పేరు కమ్యూనికేషన్ స్కిల్స్. ముప్పై మందికి మూడు ఫ్యాన్లు ఉండేవి, తిరిగేది ఒకటే. దాని కింద ఎవరు కూర్చోవాలన్న విషయంలో మావాళ్లకు కమ్యూనికేషన్ ముందే బాగా వచ్చు.

శిక్షణ నలభై రోజులు. ఎనభై శాతం హాజరు ఉంటే సర్టిఫికెట్. సర్టిఫికెట్ ఉంటే వార్డు ఆఫీసుల్లో ఫ్రంట్ డెస్కు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. హాజరు వేయాల్సింది రోజూ పొద్దున, నేను దగ్గరుండి చూస్తుండగా, గుమ్మం పక్కన గోడకు తగిలించిన వేలిముద్ర మిషన్లో.

మొదటిరోజే ఆ మిషన్ సగం మందిని గుర్తుపట్టలేదు. దాని తప్పేం లేదు. లాడ్ బజార్ నుంచి వచ్చినవాళ్లు వేడి లక్కను వేళ్లతో వత్తి గాజులు చేసేవాళ్లు. ధూల్‌పేట్ నుంచి వచ్చినవాళ్లు వినాయకుడి బొమ్మల్ని ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చేసేవాళ్లు. బొమ్మతో పాటు వేళ్లూ నున్నగా అయ్యేవి. చేతులతో బతికే పిల్లల్నే వెతికి తెచ్చి, మీ చేతులు సరిగ్గా లేవని గుమ్మం దగ్గర చెబుతున్నామన్నమాట. ఈ పథకం రాసినవాళ్ల వేళ్లు చాలా బాగుండి ఉంటాయి.

ధూల్‌పేట్ వాళ్లలో ఒకమ్మాయి ఉండేది. ఇంటర్ పాసై, వాళ్లమ్మతో పాటు బొమ్మల షెడ్డులో రెండేళ్లుగా రుద్దుడు పని చేస్తోంది. ప్లాస్టర్ దుమ్ము ఛాతీలో చేరింది. దుమ్ములో పని మానెయ్యమని డాక్టరమ్మ చెప్పింది కానీ, మానేసి ఏం చెయ్యాలో చెప్పలేదట. మొదటి క్లాసులో అందర్నీ మీ లక్ష్యం ఏమిటని అడిగాను. ఇద్దరు కలెక్టర్లు, నలుగురు పోలీసులు తేలారు. ఈ అమ్మాయి లేచి నిలబడింది.

“కుర్చీల కూసొని చేసే పని సార్. దుమ్ము లేని కాడ.”

అని, కాసేపు దగ్గి, కూర్చుంది. నలభై రోజుల్లో అంత స్పష్టమైన జవాబు నాకు ఇంకెవరూ చెప్పలేదు.

రోజూ పొద్దున మిషన్ దగ్గర పెద్ద లొల్లి. ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా తలా ఒక వైద్యం చెప్పేవాళ్లు. ఆ అమ్మాయి పక్కన కూర్చునే గాజుల పిల్ల వీళ్లందరికీ పెద్ద డాక్టరు.

“జుట్టుకు రాయవే. నూనె అంటితే పడ్తది.”

“నిన్న రాసిన. మా నూనె దానికి నచ్చలే.”

“అయితే ముక్కుకు రాయి.”

“తొండానికి రాసి రాసే గద గిట్లైంది!”

మా కోఆర్డినేటరు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. ఎవరినీ నొప్పించడు. “మాస్టారూ, పడనివాళ్ల చేత రిజిస్టర్లో సంతకం పెట్టించండి. పైకి రాశామండీ, చూద్దాం” అన్నాడు. ‘పైకి రాశాం’ అన్న మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. పైన ఎవరున్నారని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పద్దెనిమిదో రోజుకి మిషన్ ఆ అమ్మాయిని మూడంటే మూడుసార్లు గుర్తుపట్టింది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. చదువుకున్నవాళ్లకు వస్తుంటాయి.

“కొన్నాళ్లు ఉప్పు కాగితం ముట్టకు. చర్మం మళ్లీ వస్తుంది, గీతలు పడతాయి” అన్నాను.

“సీజన్ సార్ ఇప్పుడు. నేను మానేస్తె సేటు ఇంకొకల్లను పెట్టుకుంటడు.”

“ఉద్యోగం వస్తే సేటుతో నీకు పనేముంది?”

ఇంటర్వ్యూలో ఎంత ఆత్మవిశ్వాసంతో మాట్లాడాలో నేర్పేది నేనే కదా. ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది.

“పక్కా నా సార్?”

“పక్కా.”

మర్నాడే షెడ్డు మానేసింది. ఆరో రోజు పొద్దున మిషన్ మీద వేలు పెడితే ఆకుపచ్చ లైటు వెలిగింది. లోపలున్న ఆడగొంతు ధన్యవాదాలు కూడా చెప్పింది. గాజుల పిల్ల అరిచింది: “ఓయమ్మో, మిషన్‌కు కనవడ్డవే నువ్వు!” నేను క్లాసు చేత చప్పట్లు కొట్టించాను. ఆ అమ్మాయి తన బొటనవేలిని ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు. నాకంటే ముందే వచ్చేది. దగ్గు కూడా తగ్గింది. ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు, మీ బలహీనత ఏమిటి అని అడిగాను. “బొటనవేలుండె సార్. ఇప్పుడు మంచిగైంది” అంది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వేశాను.

చివరి రోజు సర్టిఫికెట్ల జాబితా వచ్చింది. అందులో ఆమె లేదు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. నలభై రోజుల్లో ఎనభై శాతం అంటే ముప్పై రెండు. మిషన్ ఆమెను చూసినవి ఇరవై. నేను పని మానమన్న రోజున మిగిలినవి ఇరవై రెండు రోజులు. ఆ మర్నాటి నుంచే ముద్ర పడినా పాతిక దాటదు. అంటే నేను పక్కా అన్నప్పటికే ఆమె తప్పింది. ఐదో తరగతి లెక్క అది. నేను ఎం.ఏ. కాబట్టి నా దృష్టికి రాలేదు.

రిజిస్టరు పట్టుకుని కోఆర్డినేటరు దగ్గరికి వెళ్లాను.

“ఇది మన రికార్డు కోసమండీ. చేత్తో ఎక్కించడానికి సాఫ్ట్‌వేర్లో చోటు లేదు” అన్నాడు.

“పైకి రాశామన్నారు కదండీ?”

“రాశాం కదండీ. అందిందని జవాబు కూడా వచ్చింది.”

గాజుల పిల్ల కూడా జాబితాలో లేదు. కాకపోతే ఆమె నా మాట విని గాజులు మానలేదు కాబట్టి ఆమెకు గాజులు మిగిలాయి.

ఆ అమ్మాయిని మెట్ల దగ్గరికి పిలిచి చెప్పాను.

“ఇంటర్వ్యూకైన పోనియ్యరా సార్? అడిగింది చెప్పొస్త.”

“సర్టిఫికెట్ లేనిదే లోపలికి రానివ్వరమ్మా.”

“మరి మీరు పక్కా అంటిరి గద సార్.”

కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. సేటుతో నేను మాట్లాడతానన్నాను. ఆమెకు నా మాటల మీద ఇంకా నమ్మకం ఉందని కాదు, వేరే దారి లేక సరేనంది.

మర్నాడు ధూల్‌పేట్ వెళ్లాం. షెడ్డు నిండా రంగులు పడని వినాయకులు తెల్లగా నిలబడి ఉన్నారు. వాటి మధ్య వాళ్లమ్మ ఒక బొమ్మ బొజ్జను రుద్దుతోంది. మమ్మల్ని చూసింది, చెయ్యి ఆపలేదు. సేటు మర్యాదగానే మాట్లాడాడు.

“రుద్దేటోళ్లు దొరికిండ్రు సార్. సీజన్ల నేను ఆగుతనా? బస్తాలు విప్పి ప్లాస్టర్ కలిపే కాడ ఒకరు తక్కువున్నరు. చేస్తనంటె రమ్మను.”

దుమ్మంతా లేచేది అక్కడే. రుద్దుడు పని దానిముందు నయం. నేను గొంతు సవరించుకుని ఆమె ఆరోగ్యం గురించి, డాక్టరమ్మ చెప్పినదాని గురించి, క్లాసులో చెప్పినట్టే వరుసగా, కళ్లలోకి చూస్తూ మాట్లాడాను. ఆయన ఓపికగా విన్నాడు.

“గందుకే గద సార్ ఇడ్సిపెట్టి పోయింది. ఇంతకు మీరేం నేర్పుతరు?”

“ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో.”

“మంచి పనే” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

మేమిలా మాట్లాడుకుంటుండగానే ఆ అమ్మాయి చున్నీని ముక్కుకీ నోటికీ అడ్డంగా బిగించి కట్టుకుంది. వెళ్లి ఒక బస్తా మూతి కోసింది. తెల్లగా దుమ్ము పొగలాగా లేచింది. లోపల్నుంచి దగ్గు వినిపించింది, తర్వాత గొంతు.

“సార్, జర అవుతలికి జరుగుండ్రి. అంగీ ఖరాబైతది.”

జరిగాను.