ప్లగ్గు మాస్టారు

మా మాస్టారికి లోకంలో ఒకే ఒక్క బలహీనత. నడుస్తున్న యంత్రం కంటబడితే దాని ప్లగ్గు పీకకుండా ఉండలేరు.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పేవారు కాదు. మా కంపెనీలో ఫర్మ్‌వేర్ డ్రైవర్లు రాస్తారు. కరెంటు లేకపోయినా గుర్తుపెట్టుకునే ఫ్లాష్ చిప్పు ఒకటి, గోరంతది, ప్రతి చిన్న పరికరంలోనూ ఉంటుంది. దానిలో ఏది ఎక్కడ రాయాలో, ఏది ఎప్పుడు చెరపాలో చూసుకునే ప్రోగ్రామే డ్రైవరు. అది ఆయనది. "రాయడానికేముందమ్మా, ఎవరైనా రాస్తారు. రాస్తూ ఉండగా కరెంటు పోతే? అదీ పరీక్ష!" అనేవారు. అని, పీకేవారు. రోజుకి రెండు మూడు వందలసార్లు.

నేను ఉద్యోగంలో చేరిన రోజున పొద్దుటి నుంచీ కూర్చుని నాలుగు పేజీల రిపోర్టు టైపు చేశాను. ఆఖరి వాక్యంలో ఉండగా తెర నల్లబడింది. బల్ల కింద నుంచి నెరిసిన తల ఒకటి బయటికొచ్చింది.

"సేవ్ చేశావా అమ్మా?"

"లేదండీ..."

"పోయిందా?"

"మొత్తం పోయిందండీ!"

"చూశావా మరి!" అన్నారు, నేను ఫస్టు క్లాసులో పాసైనంత సంబరంగా. ఆ తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, నేను గుర్తు చేసుకుని చెబుతుంటే నాలుగు పేజీలూ ఆయనే టైపు చేసిపెట్టారు. ఒంటివేలితో. పూర్తయ్యేసరికి ఆఫీసులో మేమిద్దరమే మిగిలాం. కడిగిపారేద్దామనుకున్నదాన్ని కాస్తా ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మాస్టారి భార్యని పిన్నిగారనేదాన్ని. ఇంట్లో ఆవిడ అవస్థ వేరే. బట్టలుతికే మెషీను మధ్యలో ఆపి, మళ్ళీ వేసి, ఆగినచోటి నుంచే మొదలెడుతుందా లేదా అని చూస్తారట. "ఒక్కరోజున దుప్పట్లు నాలుగుసార్లు ఉతికానమ్మా. ఈ వీధి మొత్తం మీద మా దుప్పట్లంత తెల్లటివి లేవు" అని ఆవిడ ఓసారి ఫోన్లో వాపోయింది.

అలా ఉండగా మాటపెట్టె రెండో మోడలు పని మా చేతికొచ్చింది. గొంతు ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళ కోసం చేసిన పరికరం అది. మాట పోకముందే రోజూ అవసరమయ్యే మాటల్ని తమ గొంతుతోనే అందులో రికార్డు చేసుకుంటారు. ఆ తర్వాత మీట నొక్కితే పెట్టె వాళ్ళలాగే మాట్లాడుతుంది. సోమవారం విడుదల అనుకున్నాం. ముందటి గురువారం మాస్టారు మేనేజరు గదిలోకి వెళ్ళారు.

"మూడువేల నూట పన్నెండోసారి పీకితే పట్టిక పోయింది."

"ఏం పట్టిక?"

"ఏ మాట ఎక్కడుందో చెప్పే పట్టిక. పాతది చెరిపి కొత్తది రాసేలోపు కరెంటు పోయింది. పెట్టెకి నోరు పడిపోయింది."

మేనేజరు తల పట్టుకున్నాడు. "మూడువేలసార్లు ఎవరు పీకుతారండీ?"

"ఎవరూ పీకరు. మూడువేలమంది ఒక్కోసారి పీకుతారు."

మేనేజరు క్యాలెండరు ముందుకి లాక్కున్నాడు. విడుదల మూడు వారాలు వెనక్కి వెళ్ళింది. కొత్త పట్టిక వేరేచోట పూర్తిగా రాసి, సరిగ్గా పడిందో లేదో చదివి చూసుకున్నాకే పాతది చెరిపేలా మాస్టారు డ్రైవరుని తిరగరాశారు. మళ్ళీ పీకుడు మొదలు. వేళ్ళు బొబ్బలెక్కాయి.

"ఆ పీకేదేదో ఒక మెషీను పెడితే అదే పీకుతుంది కదండీ?" అన్నాను.

"మెషీను పద్ధతిగా పీకుతుందమ్మా. మనుషులు అలా కాదు. కాలు తగిలి పీకుతారు. దుమ్ము దులుపుతూ పీకుతారు. సగం పీకి, అయ్యో అనుకుని మళ్ళీ గుచ్చుతారు."

అంతా సవ్యంగా తేలాక, విడుదల కాగితం మీద ఆయన సంతకం ఒక్కటే మిగిలింది. సరిగ్గా ఆ రోజే సెలవు పెట్టారు! కాగితం తీసుకుని మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను.

భోజనాల బల్ల మీద కంచాలకు బదులు భూతద్దం, సన్నటి పట్టకారు, విప్పేసిన మాటపెట్టె ఒకటి ఉన్నాయి. పాతది, మొదటి మోడలు. మాస్టారు చిప్పుకి టంకం ఊడదీస్తున్నారు. ఎదురుగా ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆవిడ మెడకి మెత్తటి గుడ్డ చుట్టి ఉంది, ఒళ్ళో పలక.

పిన్నిగారు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "మొదటి మోడలు డ్రైవరు కూడా ఈయనే రాశారమ్మా. ఆరేళ్ళ కిందట ఒక పెట్టెలో మాటలన్నీ పోయాయి. ఎంత తంటాలు పడినా రాలేదు. అదిగో, ఆ రోజు నుంచే ఈ పీకుడు జబ్బు. అంతకుముందు బంగారంలాంటి మనిషి."

"పాడైతే కంపెనీ కొత్తది ఇస్తుంది కదా పిన్నిగారూ?"

"పెట్టె ఇస్తుంది. గొంతెక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? అందుకే ఎవరి పెట్టె మూగబోయినా ఇక్కడికి తెమ్మని తెలిసినవాళ్ళందరికీ మా అడ్రసు ఇచ్చి పెట్టుకున్నారు. ఇది పదిహేడోది."

నాలుగేళ్ళు పక్కబల్ల దగ్గర కూర్చున్నాను. ఒక్కనాడూ చెప్పలేదు.

ముందుగదిలోకి వచ్చేసరికి చిప్పులోని మాటలు మాస్టారి కంప్యూటర్లోకి దిగుతున్నాయి. "మాటలు బాగానే ఉన్నాయి. పట్టికే పోయింది. ఏది ఏమిటో విని, ఒక్కోదానికీ మీట కేటాయించుకోవాలి" అన్నారాయన.

"ఏదైనా పరవాలేదండీ, ఒకటి వేయండి" అన్నాడు పెద్దాయన. కుర్చీ అంచుకొచ్చి కూర్చున్నాడు.

మాస్టారు వేశారు. గరగరమని, ఆ వెనకే ఖంగున ఒక గొంతు:

"ఏవండీ! తడి తువ్వాలు మంచం మీద వేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

"ఎనిమిది నెలలైందండీ ఈ తిట్టు విని" అన్నాడు.

ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. నవ్వుతోంది! చప్పుడు లేకుండా, పొట్ట పట్టుకుని. నవ్వు ఆగాక పలక మీద ఏదో రాసి మాస్టారికి చూపించింది.

'ఇది మొదటి మీటకే పెట్టండి. రోజూ కావాలి.'

"చిత్తం" అన్నారు మాస్టారు, వినయంగా.