పరదా మీద బర్రె

పక్కింటి తలుపులకు పాలిష్ వేస్తున్నారు. తార్పీన్ నూనె వాసన తగలగానే లాల్ దర్వాజ గల్లీలో మా చిన్నాయన ఫొటో స్టూడియో, ఎండాకాలం సెలవులు, రంగుల్లో కలిపే అవిసె నూనెతో జిడ్డుబారిన నా వేళ్లు, గోడ నిండా వేలాడే పరదా కళ్ల ముందుకు వచ్చాయి.

పరదా మీద ఆయిల్ రంగులతో కొండలు, ఈతచెట్లు, చెరువు చిన్నాయనే వేశాడు. డెబ్బైల్లో మా బస్తీ ఆడపిల్లల సంబంధాలకు పంపే ఫొటోలన్నీ ఆ చెరువు ముందు దిగినవే. ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు నములుతూ ఆయన నాకు పాత గుడ్డ మీద మనుషుల్ని, గొడ్లను వేయడం నేర్పేవాడు: కళ్లూ ముక్కూ తర్వాత, ముందు ఒక్క రంగుతో ఆకారం నిలబెట్టాలి, దూరపువి చిన్నగా, పొగ రంగులో ఉండాలి, కింద నీడ లేకపోతే ఆవైనా గాలిలో తేలుతుంది.

ఒక సాయంత్రం ఆయన లేనప్పుడు, ఖాళీగా కనిపించిన చెరువు మధ్యలో మెడదాకా మునిగిన బర్రెను వేశాను. నీళ్లలో దాని నీడ కూడా వేశాను. రంగు ఆరకముందే, మర్నాడు పొద్దున్నే పక్క గల్లీ పద్మక్క ఫొటోకు వచ్చింది.

“నువ్వేసినవారా?”

“అవునక్కా.”

“మంచిగున్నది. నన్నే చూస్తున్నట్టున్నది.”

ఒక అడుగు జరిగి సరిగ్గా దాని ముందు నిలబడింది. అప్పుడే వచ్చిన చిన్నాయన కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి ఆమె ముఖమే చూస్తున్నాడు. ఆమె తల వెనక కొమ్ములు మొలిచాయి. నాకు కనబడింది. నా బర్రె ఫొటోలో పడుతుందన్న సంబరంతో నోరు విప్పలేదు.

ఫొటో కడిగాక చిన్నాయన నన్ను కొట్టలేదు. “అది ఖాళీ జాగ కాదుర. మనిషి నిలబడేటందుకు ఇడిసిపెట్టిన జాగ” అన్నాడు. పద్మక్క వస్తే, “మల్ల తీస్త బిడ్డా” అన్నాడు.

“వద్దు కాకా, మా బాపు ఇయ్యాల్నే పంపాలంటుండు. కొమ్ములున్న పిల్లనని వాళ్లకు ముందే తెలుస్తది” అని నవ్వి కవర్లో పెట్టుకుంది.

ఆ సంబంధం కుదరలేదు. పద్మక్క వాళ్లమ్మ వచ్చి లొల్లి చేస్తే చిన్నాయన తల వంచుకుని మాటలు పడ్డాడు, నా పేరు చెప్పలేదు. పరదా చాటున నేనూ చెప్పలేదు. పద్మక్క టైపు నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. ఆమె కోరుకున్నది అదేనా? ఆ రోజు నిజంగా ఆమె అడుగు జరిగిందా, లేక నా తప్పు తేలికపడాలని ఇన్నేళ్లలో నేనే ఆమెను జరిపానా? తెలియదు. అడిగే ధైర్యం ఎప్పుడూ చేయలేదు.

బర్రె మీద చిన్నాయన చెరువు రంగు పూశాడు. రంగు ఆరేకొద్దీ కొమ్ములు మసకగా పైకి తేలేవి; వచ్చినవాళ్లను ఆయన కొంచెం పక్కకు నిలబెట్టేవాడు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పరదా ఏమైందో ఎవరికీ తెలియదు. నేను మాత్రం కాన్వాసు ముందు కూర్చున్నప్పుడల్లా కొండలు వేస్తాను, చెట్లు వేస్తాను. మనిషిని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోలేక నడిమి నీళ్లను అట్లాగే వదిలేస్తాను.