జర దూపగొన్న అశ్వగంధ

మా మర్రిగూడల అరెకరం అశ్వగంధ ఏసినం. ఇత్తునం కోసం మా ఇంటామె లచ్చమ్మ తన రెండు మేకలమ్మింది. దీపావళి పోయినంక ఆన జాడలేదు, బోరు ఎండింది. పగటీలి ఎండకు చేనంత తలకాయ ఏలాడేస్తుంటె, "ట్రాక్టరోన్ని పిలిచి దున్నేస్త" అని ముసల్ది కూసున్నది. "రెండొద్దులు ఆగవే, కొత్తకోట దిక్కు మా దోస్తు ఖాజా భాయి గిదే పంట తీస్తడు, చూసొస్త" అని పొద్దుగాల ఆరింటికి బస్సెక్కిన.

కల్వకుర్తి, జడ్చర్ల మీదికెల్లి బస్సులు మారుకుంట పోవాలె. ఆడోళ్లకు బస్సు ఉత్తగనే, నాకే పైసల టికెట్ కొట్టిన్రు. "మీసం తీసి చీరె కట్టుకొస్తె ఇడుస్తవా బిడ్డా?" అంటె, "ఆధార్ కార్డు గూడ అడుగుత తాతా" అన్నది కండక్టరమ్మ. పదకొండు దాటినంక కొత్తకోటల దిగి, ముప్పై రూపాయలకు షేర్ ఆటోల ఆ ఊరు చేరిన.

చూస్తె ఖాజా భాయి చేను గూడ వాడింది! "ఏం భాయ్, నీ లెక్కనే పగటీలి పండుకుందా?" అన్న. "పండుకోనీ అన్నా, సల్లవడంగ లేస్తది" అని నవ్విండు. నీళ్లతొట్టి పక్కన ఒక మొక్క, ఎండిన గట్టుకాడ ఒకటి పీకి వేర్లు నా చేతిల వెట్టిండు. తొట్టికాడిది లావుగుంది, ఇరుస్తె రబ్బరు లెక్క వంగింది, వాసనే లేదు. గట్టుకాడిది టప్పున ఇరిగింది, గుర్రం వాసన గుప్పుమన్నది. "కొనెటోడు గీ ఇరుగుడే చూస్తడు. నీళ్లు తక్కువై జర దూపగొంటె వేర్ల మందు గట్టిపడ్తది. గని సావగొట్టొద్దు. సాళ్లల్ల గుంటుక తోలి, మన్ను గుల్లజేసి ఎండుటాకు పరిచెయ్, తేమ నిలుస్తది" అని చెప్పి, జొన్నరొట్టె తినవెట్టి బస్సెక్కిచ్చిండు.

తెల్లారి లచ్చమ్మ ముంగటనే మా చేన్ల ఇంటిపక్క సాలుకెల్లి వేరు పీకిన. వంగింది. నడిచేన్ల ఇంకోటి పీకిన. టప్పున ఇరిగింది!

"మరి గీ సాలుకు ఏమైందే? గిదొక్కటే పచ్చగుంది?"

ఆమె మొగులు దిక్కు చూసింది. "మొక్కలు నోర్లు తెరుసుకొని చూస్తుంటె ఎట్ల ఊకుంట? రోజు ఊరి నల్లా కాడికెల్లి బిందెడు తెచ్చి పోసిన."

ట్రాక్టరోనికి ఫోన్ చేసి రావొద్దన్నది గూడ ఆమెనే.

ఇంటికొచ్చుకుంట నవ్వుకున్న. నలభై ఏండ్ల సంది నాకు గూడ ఆకలిగాకముందే పెట్టుకుంటొచ్చింది. గందుకే ఆమె ముంగట నేనిట్ల వంగుతున్ననేమో. మీరు గీ పంట ఏస్తె పగటీలి వాడిన ఆకులు చూసి ఆగం గాకున్రి. తెల్లారేసరికి గూడ లేవకపోతెనే ఒక్క తడి ఇయ్యిన్రి. ఇంట్ల లచ్చమ్మ అసుంటామె ఉంటె, బిందె జర దాచున్రి.