నాలుగో అడుగు

మా నాన్నది పార్వతీపురంలో కిరాణా కొట్టు. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందంటారు ఇంట్లో. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేలలేదు. నాన్న నేర్పిన కిటుకుల్లో నాకు ఇష్టమైనది ఒకటే. ధర కుదరకపోతే లేచి నడువు, వెనక్కి చూడకు, నాలుగో అడుగులో వాళ్లే పిలుస్తారు. చీరల దగ్గరా చింతపండు దగ్గరా, చివరికి నా పెళ్లిమాటల్లో కూడా ఇది పనిచేసింది.

ఇప్పుడు నా ఉద్యోగం, భయంతో బిగుసుకుపోయిన పసిపిల్లలతో కూర్చుని ఆడటం. పెదబయలు పైన కొండల్లో ఉన్న ఒక ఊరికి పదిహేను రోజులకోసారి వెళ్తాను. అక్కడ ఒక నాలుగేళ్ల పాప ఉంది. వానల్లో వాళ్లమ్మ చోడి చేను, అదే రాగి చేను, చూసొస్తానని వెళ్లింది, కొండచరియ విరిగి మీద పడింది. అప్పటినుంచి పాప మాట్లాడలేదు. నేను వెళ్లిన ఆరుసార్లూ నా ఎదురుగా చింతగింజలు వరసగా పేర్చింది, అంతే.

ఏడోసారి వాళ్ల అమ్మమ్మ నిలదీసింది.

"ఏటమ్మా, వొత్తన్నావు, గింజలాడి పోతన్నావు. గుంట మాటాడతాదా, మాటాడదా?"

"మాట్లాడుతుందమ్మా, కొంచెం టైం పడుతుంది."

"ఆడుకోడానికి జీతమిత్తారేటి నీకు? నాకూ ఇప్పించు, ఇద్దరం ఆడదుము."

నవ్వాను కానీ తగిలింది. కొట్టువాళ్ల పిల్లను కదా, సరుకు చూపించలేకపోతే సిగ్గు. ట్రైనింగులో చెప్పిందంతా పక్కన పెట్టి, నాలుగేళ్ల పిల్లతో బేరానికి దిగాను. గింజలన్నీ పిడికిట్లోకి తీసుకుని, "'ఇవ్వు' అను, ఇచ్చేస్తా" అన్నాను. చూసింది, అనలేదు. "అయితే నేను వెళ్లిపోతున్నా" అని లేచి గుమ్మం దాటాను. ఒకటి, రెండు, మూడు.

నాలుగో అడుగులో వినపడింది అమ్మమ్మ కేక. తిరిగి చూస్తే పాప కూర్చున్నచోటే కొయ్యబారి ఉంది. కింద చాప తడిసిపోతోంది. కళ్లు గుమ్మం మీదే.

"ఆ పొద్దూ ఇలగే" అంది అమ్మమ్మ, పాపను ఒళ్లోకి లాక్కుంటూ. "అమ్మా అమ్మా అని పిలిసింది. వానలో దానికి ఇనబడనేదు, ఎనక్కి సూడనేదు. బేగి వొచ్చేత్తానని పోనాది."

పిలవడం ఈ పిల్లకు తెలియకపోవడమేం? పిలిచి చూసింది.

గౌను మార్చాం. గింజలు చేతిలో పెడితే జారవిడిచింది. నా చున్నీ కొస మాత్రం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి రోడ్డు మీద జీపు హారన్ కొట్టింది. కిందికి దిగడానికి అదొక్కటే జీపు. 'వెళ్లొస్తాను' అనబోయి నోరు మూసుకున్నాను. అమ్మమ్మ పాప వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

ఈసారి జీపు దాకా వెనక్కి చూస్తూనే నడిచాను. పాప గుమ్మంలోకి రాలేదు.