గోధుమ బీరూ కుడితి తొట్టీ

ఆ రోజుల్లో నాకు నాలుక ఉండేది. ఇప్పుడూ నోట్లోనే ఉంది గాని, పదిహేనేళ్ళుగా బీరు కంపెనీ ఉద్యోగంలో నాతో పాటు బస్సులెక్కి దిగి, అలసిపోయి పడుకుంది. పొద్దున శ్రీకాకుళం బస్టాండులో టీ తాగినా, మధ్యాహ్నం చీపురుపల్లిలో చేపల పులుసు కలుపుకున్నా దానికి ఒకటే. మొన్న డాక్టరు నా కడుపు నొక్కి చూసి "ఇక మందు జోలికి వెళ్ళకండి" అన్నాడు. దాని జోలికి వెళ్ళడమే నా ఉద్యోగమని చెప్పే ఓపిక లేక తలూపి వచ్చేశాను. బయట బెంచీ మీద కూర్చుని చీటీ మడత పెడుతుంటే నా మొదటి గోధుమ బీరు గుర్తొచ్చింది.

అప్పటికి నేను బీరు ముట్టినవాణ్ణి కాను. (ఇంట్లో కూల్‌డ్రింకుల కంపెనీ అని చెప్పాను. నిజం అక్కకీ బావకీ మాత్రమే తెలుసు.) అంతకుముందు రెండు ఉద్యోగాలు మానేశాను, సరిగ్గా చెప్పాలంటే అవే నన్ను మానేశాయి. ఇది కూడా పోతే పొలానికి వచ్చెయ్యమని నాన్న తేల్చి చెప్పేశాడు. పొలం పనిలో నా ప్రతాపం ఊరంతా చూసిందే కాబట్టి నాకు ఈ ఉద్యోగం నిలబడడం చాలా అవసరం. మూడు నెలల గడువు ముగిసే వారంలో మా పై అధికారి (రోహిణి కార్తెలో కూడా టై విప్పేవాడు కాదు, అందుకని మాకు టై సారు) నన్ను పిలిచి ఆరు సీసాలు, ఆరు ఫారాలు, ఇంగ్లీషులో అచ్చేసిన ఒక రంగుల కాగితం చేతిలో పెట్టాడు. "బెల్జియం పద్ధతిలో చేసిన గోధుమ బీరు. ధనియాలు, నారింజ తొక్క పడతాయి. రుచి తెలిసిన ఆరుగురికి ఇచ్చి, ఏమన్నారో రాసుకుని, ఫోటోలతో సహా సోమవారం తీసుకురా. అది చూసి నిన్ను ఉంచాలో వద్దో చెప్తాను" అన్నాడు.

రుచి తెలిసినవాళ్ళు అనగానే నాకు తట్టింది రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే మా బావ. బస్తాలోంచి ఒక్క గింజ తీసి పంటి కింద కొరికి తేమ ఎంతుందో చెప్పేసేవాడు. తర్వాత మిషను పెడితే అదీ ఆ మాటే చెప్పేది. ఆయన స్నేహితులు అయిదుగురివీ అలాంటి నాలుకలే. ఆదివారం మధ్యాహ్నం అందరూ బావ ఇంటి పెరట్లో, పశువుల శాల నీడన చేరారు. రంగుల కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. శ్రీకాకుళం నుంచి రాజాం దాకా సీసాల సంచీ గుండెకి హత్తుకుని బస్సులో నిలబడి వచ్చానేమో, చదివే ఓపిక లేకపోయింది.

బావ ఒక సీసా ఎత్తి ఎండకేసి చూశాడు. అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది. "ఇదేటిరా బామ్మర్దీ, తరవాణి కుండలాగ మడ్డి దిగున్నాది. ఎవులూ కదపకండి, తేరుకోనియ్యండి" అన్నాడు. తరవాణి మా వైపు ఇళ్ళలో కుండలో ఉంటుంది. అన్నం గంజి పోసి, దబ్బాకు వేసి, పులియనిచ్చి, పైన తేరిన తేట వంచుకుని పొద్దున్నే తాగుతారు. అడుగు మడ్డి పశువుల కుడితిలోకి పోతుంది. పుట్టిన దగ్గర నుంచి చేస్తున్న పనే కాబట్టి ఆరుగురూ ఊపిరి బిగబట్టి, సీసా వణక్కుండా, తేట మాత్రం స్టీలు గ్లాసుల్లోకి వంచుకున్నారు. సీసాల్లో రెండేసి అంగుళాల మడ్డి మిగిలింది. బావ వాళ్ళమ్మ, నేను అత్త అని పిలిచే ఆవిడ, "పారబొయ్యకండి, గోధుమలేనట కదా" అంటూ ఆ ఆరు సీసాల మడ్డీ కుడితి తొట్టిలో ఒంపేసింది. నేను శ్రద్ధగా అన్నిటికీ ఫోటోలు తీశాను.

"ధనియాలు బాగా పడ్డాయి. సారు పెట్టినోడు సింతపండు మర్సిపోనాడు" అన్నాడు ఒకాయన, చారు తాగినట్టు జుర్రుకుంటూ. "సిన్నప్పుడు జొరమొస్తే మాయమ్మ ఇదే కాసి పోసీది" అన్నాడు ఇంకొకాయన. బావ కళ్ళు మూసుకుని చాలాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు. "తరవాణేరా ఇది. కాపోతే పలసన. మాయమ్మ పెట్టిందయితే ఇంకా ఘాటుగుంటాది. రాసుకో" అన్నాడు. ఆయన గ్లాసులోంచి నేనూ ఒక గుక్క తాగాను. చల్లగా, పుల్లగా, ఎక్కడో నారింజ వాసనతో దిగింది. ఎండన పడి ఇంటికొస్తే అమ్మ ఇచ్చే తరవాణే గుర్తొచ్చింది. నాకు నిజంగా నచ్చింది.

కాని బెల్జియం బీరు తరవాణిలా ఉందని రాస్తే నన్ను ఉంచుతారా? సోమవారం పొద్దున బస్సులో సీటు దొరకగానే రంగుల కాగితం తీసి, అందులో ఉన్నదంతా ఆరు ఫారాల్లోకి ఎక్కించాను. వేకువ వేళ నారింజ తోట, లవంగం పరిమళం, అడుగునున్న ఈస్టు వల్ల పట్టులాంటి నునుపు. (అనుమానం రాకుండా మూడు నీలం పెన్నుతో, మూడు నల్ల పెన్నుతో.) అర్థం చేసుకుంటూ కాపీ కొట్టే అలవాటు నాకు బళ్ళో కూడా లేదు.

టై సారు ఫారాలన్నీ చదివి, నా ఫోన్లో ఫోటోలు చూసి, మళ్ళీ ఫారాలు చదివాడు. "పట్టులాంటి నునుపు అని ఆరుగురూ అన్నారు. చివరి రెండంగుళాలూ సీసా తిప్పి గ్లాసులో పోసుకుంటేనే ఆ నునుపు తెలుస్తుంది. ఈ ఫోటోలో అది గేదె తాగుతోంది" అన్నాడు. నాకు నాన్న పొలం గట్టు కళ్ళముందు కనబడింది. "గేదె ఏమంది?" అని అడిగాడు. "తొట్టి నాకేసింది సార్" అన్నాను. "మరి మనుషులు?" అన్నాడు. ఇక దాచలేక చారు, జ్వరం, తరవాణి, అన్నీ చెప్పేశాను. ఆయన టై ముడి వదులు చేసుకున్నాడు. ఆ పని ఆయన చేయగా చూడడం అదే మొదలు. "మాది బొబ్బిలి పక్కనే. నాకూ అలగే అనిపించినాది" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ. నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి ముడి మళ్ళీ బిగించుకుని, "ఈ ఫారాలే పైకి పంపుతాను. బాగా రాశావు, పనికొస్తావు. ఫోన్లోంచి ఆ ఫోటోలు తీసెయ్" అన్నాడు.

అలా నా ఉద్యోగం నిలబడింది. ఆ గోధుమ బీరు మాత్రం మా వైపు అడిగేవాడు లేక ఏడాది తిరక్కుండా మాయమైపోయింది. పట్టులూ పరిమళాలూ రాయడంలో నాకు మంచి పేరే వచ్చింది. నిజం చెప్పిన ఆ ఆరుగురి మాట ఎక్కడా రాయలేదని అప్పుడప్పుడు సిగ్గేసేది. తర్వాత అలవాటైపోయింది.

డాక్టరు దగ్గర నుంచి ఇంటికి పోకుండా రాజాం వెళ్ళాను. అత్త పోయాక ఆవిడ తరవాణి కుండ ఇప్పుడు అక్క చూసుకుంటోంది. పళ్ళు ఊడి బావ గింజ కొరకడం మానేశాడు. అక్క ఇచ్చిన తరవాణి ఒక గుక్క తాగగానే, "ఎలగున్నాది, సెప్పు" అన్నాడు బావ. నేను గొంతు సవరించుకుని, "మొదట కాస్త పులుపు, వెనకాల దబ్బాకు పరిమళం, చివర్లో నాలుక మీద..." అని మొదలుపెట్టాను. బావ నా మొహంలోకి చూసి, "ఒరే, బాగున్నాదా, నేదా?" అన్నాడు. "బాగుంది బావా" అన్నాను. గ్లాసులో రెండంగుళాలు మిగిలితే, కుడితిలో పొయ్యడానికి అక్క చెయ్యి చాపింది. నేనివ్వలేదు. గ్లాసు గుండ్రంగా తిప్పి, మడ్డితో సహా తాగేశాను. తొట్టి దగ్గర గేదె నా వైపే చూస్తూ నిలబడింది.