మస్కట్‌లో నిప్పుల మీద గుంటూరు మిరపకాయ

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. దిష్టి అంటే ఒళ్ళు మండుతుంది. గుంటూరులో బీయస్సీ చదివి, పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకుంటూ బతికినదాన్ని. మా ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే లేచి అవతలికి పోయేదాన్ని. నాలాంటిది చెబితేనైనా కొందరు నమ్ముతారని ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మస్కట్‌లో ఒక బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. మా ఆయన ఎక్కడో దూరంగా రోడ్డు పనుల మీద ఉండి, శుక్రవారాలు ఇంటికి వచ్చేవారు. మేం మేడ మీద అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు. ఆ ఇంటి పెద్దావిడను అందరూ ఉమ్ సాలెం అనేవాళ్ళు, అంటే సాలెం వాళ్ళమ్మ. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకపోవడం నాకు కొత్తేం కాదు, మా ఊళ్ళోనూ అంతే.

కొత్తవి వేరే ఉన్నాయి. మొదటిసారి కాఫీకి పిలిచినప్పుడు ఆవిడ బుల్లి కప్పులో పోస్తూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను. పోసింది వదిలేస్తే ఏమనుకుంటారోనని నా భయం. చాలు అనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలట. అది తెలిసేసరికి కడుపు నిండిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఆవిడ చిన్న కుంపట్లో సాంబ్రాణిలాంటి ధూపం వేసి ఇల్లంతా తిప్పేది. మెట్లెక్కి మా గదుల్లోనూ తిప్పి వెళ్ళేది. ఆ వాసన నాకు మెల్లగా అలవాటైంది.

నా వాసనే వాళ్ళకు అలవాటు కాలేదు.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. అన్నయ్య, వదిన మిరప వేస్తారు. నేను బయల్దేరేటప్పుడు వదిన కల్లంలో కూర్చుని, మచ్చలేని కాయను తనే ఏరి, తొడిమలు తీసి మూట కట్టి ఇచ్చింది. మా వదిన కాయ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆ రంగు, ఆ ఘాటు ఇంకెక్కడా రావు. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

బడి లేని ఒక రోజు కారం కొట్టుకుందామని మూకుట్లో కాయలు వేయించాను. మా ఊళ్ళో ఐతే ఈ పని వాకిట్లో చేస్తారు, చుట్టుపక్కల నలుగురు తుమ్మి, నాలుగు తిట్టి ఊరుకుంటారు. ఇక్కడ తలుపులు బిగించి ఏసీ వేసుకునే ఇల్లు. పొగ మెట్ల మీదుగా కిందికి దిగింది. ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. మళ్ళీ ఇలా జరిగితే వేరే ఇల్లు చూసుకోవాలని సాలెం మర్యాదగానే చెప్పాడు. బడి నడుస్తుండగా మధ్యలో ఎక్కడికి పోతాం? మూట అటకెక్కింది. మా వదిన కాయను దొంగసొత్తులా దాచాల్సి వచ్చిందని నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకు ఆ మూట దించమని ఉమ్ సాలెమే మేడెక్కి వచ్చింది.

ఆవిడకు నెలల మనవడున్నాడు. ఇంట్లో విందు జరిగిన నాటినుంచి వాడు ఏడుపు ఆపడం లేదు, పాలు తాగడం లేదు. ఆసుపత్రిలో చూపించారు. డాక్టర్లకు ఏ లోపమూ కనబడలేదు. ధూపం వేశారు, ప్రార్థనలు చదివారు. మా దేశంలో ఇలాంటప్పుడు మిరపకాయలు కాలుస్తారని ఆవిడ ఎక్కడో విన్నదట.

నాకు నమ్మకం లేదన్నాను. ఇల్లు ఖాళీ చేయమంటారని భయంగా ఉందనీ చెప్పాను. ఆవిడ తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలో ఒకటే మాట అంది.

"ఇల్లు నాది. నువ్వు చెయ్యి."

ఎండ తగ్గుముఖం పట్టిన వేళ పెరట్లో ఆవిడ ధూపం కుంపటే పెట్టాం. గుప్పెడు కాయలు, కళ్ళుప్పు తీసుకుని, మా అమ్మ చేసినట్టే బిడ్డ చుట్టూ తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని నా నోరే అనుకుంటూ పోయింది. పొగ తగలకుండా బిడ్డను లోపలికి పంపేశాక నిప్పుల మీద వేశాను. అందరం ముక్కులు మూసుకున్నాం.

కాయలు నల్లబడ్డాయి, మండాయి. ఉప్పు చిటపటలాడింది. పొగ లేచింది. ఘాటు మాత్రం రాలేదు.

కొంగు తీసి దగ్గరగా వంగి చూశాను. ఏమీ లేదు. ఒక్క మూకుడికే వీధిన పడ్డ మనుషులు అలాగే నిలబడి ఉన్నారు, ఒక్కరికీ తుమ్ము రాలేదు. కాసేపటికి లోపల ఏడుపు ఆగింది. పిల్లాడు పాలు తాగుతున్నాడని కోడలు తలుపులోంచి చెప్పింది. ఉమ్ సాలెం నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

ఏడ్చే పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఊరుకుంటారు. అది నేను లెక్కలోకి తీసుకోను. నా బాధ కాయ గురించి. వదిన కాయ చచ్చుదైపోయిందా? మర్నాడు అదే మూటలోంచి ఒకే ఒక కాయ తీసి అదే కుంపట్లో వేశాను. ఉమ్ సాలెం దగ్గలేక దగ్గుతూ, కళ్ళ నీళ్ళతో నవ్వుతూ చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తింది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

శుక్రవారం వదిన ఫోన్ చేసింది. నేనింకా ఏమీ చెప్పలేదు. ఆమే మొదలుపెట్టింది.

"అమ్మాయ్, మంగళవారం దీపాలు పెట్టేవేళ ఇంట్లో ఒకటే ఘాటు. పొయ్యి కూడా వెలిగించలా. మీ అన్నయ్య దగ్గలేక గొడ్ల చావిట్లోకి పోయాడు. ఎవరు కాయలు కాల్చారో అని వీధంతా అడిగొచ్చా. పక్కింటోళ్ళకి తుమ్మైనా రాలేదంట."

నేను దిష్టి తీసింది మంగళవారమే. మస్కట్‌లో ఎండ వాలేటప్పటికి మా ఊళ్ళో దీపాలు పెడతారు. ఆ మాట వదిన చేత రెండోసారి చెప్పించుకున్నాను.

తర్వాత ఆ వీధిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా నన్ను పిలిచేవాళ్ళు. ఇల్లు చూసుకోమన్న సాలెమే నేను సెలవులకు బయల్దేరుతుంటే మిరపకాయలు మర్చిపోవద్దనేవాడు. ఘాటు మా ఊరికి పోవడం మాత్రం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు. ఎన్నిసార్లు వేసినా అక్కడివాళ్ళే దగ్గారు.

ఆ ఒక్క రోజు ఏమైందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. వదినకు మాత్రం ఏ సందేహమూ లేదు. మన కల్లంలో ఎండిన కాయకు మన ఇల్లు తెలియదా అంటుంది.

దిష్టిని నేను నేటికీ నమ్మను. కానీ అక్కడున్నన్నాళ్ళూ, కాయలు తీసి గుప్పిట పట్టే ముందు ప్రతిసారీ వదినకు ఫోన్ చేసి, కిటికీలు తీసి పెట్టుకోమని చెప్పేదాన్ని.